కాయలు, పండ్లు, పెద్దపాము



వేసవి సెలవులు వస్తున్నాయంటే పిల్లలకు పండగ, మనకు రెట్టింపు పని. ఎండకు బయటికి పంపలేం, ఇంట్లో పెట్టుకోలేం. చేతికి సెల్‌ఫోను ఇస్తే కళ్ళు పోతాయని భయం, ఇవ్వకపోతే ఇల్లు పీకి పందిరి వేస్తారని భయం. అందుకే ఈ రోజు ఆటల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. ఆవకాయ కొలతలో, వడియాల సంగతో చెబుతుందనుకుని కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు నన్ను క్షమించాలి. అయినా ఆ పెన్సిలు పక్కన పెట్టకండి. చివర్లో పనికొస్తుంది.

ఈ మధ్య బెంగుళూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఒక రాత్రి భోజనాలయ్యాక మా అల్లుడు బీరువా పైనుంచి పెద్ద అట్టపెట్టె దించాడు. "అత్తమ్మా, మీరు నవ్వకూడదు మరి" అన్నాడు ముందే. నలభై అయిదేళ్ళ మనిషి, కంపెనీలో పెద్ద ఉద్యోగం. పెట్టె మూత తీసి బొటనవేలంత బొమ్మలు ఒక్కొక్కటే బల్ల మీద నిలబెట్టాడు. కత్తి పట్టుకున్న వీరుడొకడు, పొట్టివాడొకడు, మాంత్రికుడొకడు, కోరలున్న రాక్షసులు, నడిచే అస్థిపంజరాలు. వాటికి బుల్లి తలుపులు, బుల్లి బల్లలు, పుస్తకాల అలమరాలు కూడా ఉన్నాయి.

ఆ ఆట పేరు హీరోక్వెస్టుట. 1989లో ఇంగ్లండులో వచ్చింది. ఒకరు దుష్టమాంత్రికుడి పక్షాన కూర్చుని రాక్షసులను నడుపుతారు. తక్కినవాళ్ళు నలుగురు వీరులై గుహలో గదులు వెతుక్కుంటూ పోతారు. మా అల్లుడు చిన్నప్పుడు స్నేహితుడి ఇంట్లో ఆడాడట. ఆ పిల్లవాడి మేనమామ విదేశం నుంచి తెచ్చాడట. తర్వాత ఆ ఆట దుకాణాల్లోంచి పోయింది. ఆనాటి పిల్లలు పెద్దవాళ్ళై, ఉద్యోగస్తులై, దాన్ని మరిచిపోలేక పాత పెట్టెల కోసం ఎంతైనా పెట్టి వెతుక్కునేవారట. చివరికి 2020లో హాస్బ్రో కంపెనీ మళ్ళీ తయారుచేస్తామని ప్రకటించి, ముందుగానే డబ్బు కట్టించుకుని అచ్చు వేసింది. అలా వచ్చిన పెట్టెల్లో ఒకటి మా అల్లుడి బీరువా ఎక్కింది.

నవ్వకూడదన్నాడుగానీ నాకు నవ్వాగలేదు. "ఏమబ్బాయీ, ఈ బొమ్మల కోసం అన్ని వేలు పోశావా?" అన్నాను. అతను చిన్నబుచ్చుకోలేదు. మాంత్రికుడి బొమ్మను అరచేతిలో పెట్టుకుని, "ఇది పట్టుకుంటే పదకొండేళ్ళ వయసు తిరిగొస్తుంది అత్తమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నాక నా నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా దగ్గరా అలాంటి పెట్టె ఒకటుంది. అది పాత బిస్కత్తుల డబ్బా. అందులో నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, కొన్ని పగిలిన గాజుముక్కలు. వాటికి ఎవరూ నయాపైసా ఇవ్వరు.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. అనంతపురం సీమ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది, అదీ పడితే. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత మాదే వాన తక్కువ సీమ అని చెప్పుకుంటారు. చెనిక్కాయ పంట ఇంటికొచ్చాక ఉగాది మొదలు మృగశిర కార్తె దాకా చేలన్నీ ఎర్రగా, బోడిగా పడుంటాయి. మధ్యాహ్నమైతే కాకి కూడా అరవదు. ఆ పొడుగాటి పగళ్ళను మా జేజి ఆటలతో దాటించేది.

మా ఇంట్లో వైకుంఠపాళి పటం ఉండేది. పరమపద సోపాన పటమన్నా అదే. అట్ట మీద అంటించి, మడత పెట్టీ పెట్టీ నడుమ చినిగితే జేజి మైదా జిగురుతో గుడ్డపీలిక అతికించింది. నిచ్చెనలకు భక్తి, జ్ఞానం లాంటి పేర్లు. పాములకు రాక్షసుల పేర్లు. అంతా దాటి వైకుంఠం గడప దాకా వచ్చాక, అక్కడ కాచుకుని ఉండే పెద్దపాము నోట్లో పడితే మళ్ళీ అడుక్కే. "వాణ్ణి పెద్దపాము మింగింది" అని ఈనాటికీ అంటామే, అది ఆ పటం ఇచ్చిన మాటే.

ఈ ఆటకు పెద్ద చరిత్రే ఉంది సుమండీ. జైనులు జ్ఞానబాజీ అని ఆడారు, వైష్ణవులు తమ పటాలు తాము గీసుకున్నారు. పాపపుణ్యాలు నేర్పే ఈ ఆట 1890ల్లో ఇంగ్లండు చేరి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయింది. మన పాత పటాలు చాలావాటిలో నిచ్చెనల కంటే పాములే ఎక్కువ. ఇంగ్లీషువాళ్ళు రెండూ సమానం చేశారు. 1943లో అమెరికా వాళ్ళు ఇంకో అడుగు వేసి, పాములంటే పిల్లలు జడుసుకుంటారని వాటిని తీసేసి జారుడుబండలు పెట్టారు. మా సీమవాళ్ళకు మాత్రం పాములెక్కువున్న పాత పటమే నిజమనిపిస్తుంది. మనం పచ్చీసు అనే ఆటను కూడా వాళ్ళు పట్టుకెళ్ళి, చిన్నది చేసి, 1896లో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. మన పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోనులో ఆడేది ఆ లూడోనే. పుట్టింటి కోడిపెట్ట ఊరంతా తిరిగి కొత్త పేరుతో ఇంటికొచ్చినట్టుంది కదూ?

మరి బొమ్మల మాటకొస్తే, మా అల్లుడి పెట్టెలో ఉన్న మాంత్రికుడు మా దగ్గర లేడనుకుంటున్నారా? ఉన్నాడు. మాకు ఆట పావులంటే చింతగింజ, గాజుముక్క, వేపగింజ, చొక్కా గుండీ. కాని వాటిని ఊరికే గింజలుగా ఎవరు చూశారు? టూరింగు టాకీసులో "పాతాళభైరవి" చూసొచ్చిన మర్నాటి నుంచి నల్ల చింతగింజ నేపాళ మాంత్రికుడైపోయింది. మా తమ్ముడి ఇత్తడి గుండీ తోటరాముడు. మా అక్క ఎర్ర గాజుముక్క రాజకుమారి. మాంత్రికుణ్ణి పాము మింగితే మేమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. రాజకుమారిని మింగితే మా తమ్ముడు నిజంగానే ఏడ్చేవాడు.

తోలుబొమ్మలాట వాళ్ళు ఊరికొస్తే మరీ సంబరం. తెర మీద రావణుడి పది తలలు, నడుమ కేతిగాడు, బంగారక్కల వేళాకోళం. మర్నాడు మా గాజుముక్కల్లో ఒకటి బంగారక్క అయ్యేది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద ఆ బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఈ రోజుల్లో ఆ తోలుతో దీపాల గొడుగులు, గోడ అలంకారాలు ఎక్కువ చేస్తున్నారు. మీరు అటు వెళ్తే చిన్న హనుమంతుణ్ణి ఒకణ్ణి తెచ్చుకోండి. పిల్లలకు దీపం ముందు పెట్టి గోడ మీద నీడ చూపించండి, చాలు.

మగవాళ్ళ ఆటలు రచ్చకట్ట మీద. పులిమేక, బారాకట్ట. పులిమేకలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కూడబలుక్కుని కదలనీయకుండా కడితే పులి ఓడినట్టు. అందులో గవ్వలూ లేవు, పాచికలూ లేవు, అంతా బుర్రే. హంపికి వెళ్ళినవాళ్ళు మండపాల బండల మీద చెక్కిన ఇలాంటి గళ్ళు చూసే ఉంటారు. మనకు పొరుగునున్న మైసూరు రాజు, 1794లో పుట్టి 1868లో పోయిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరుకు ఈ ఆటలంటే ప్రాణం. చదరంగంలో గుర్రం ఒక్కసారి తొక్కిన గడి మళ్ళీ తొక్కకుండా అన్ని గళ్ళూ తిరిగే చిక్కుముడులు తానే కట్టాడు. శ్రీతత్త్వనిధి గ్రంథంలో ఆటల కోసమే కౌతుకనిధి అని ఒక భాగం పెట్టించాడు. రాజుగారు ఆడితే కళ, మనం ఆడితే పనిలేని సోమరితనమా? మీరే చెప్పండి.

అయితే అక్కచెల్లెళ్ళారా, ఆ రోజులు బంగారు రోజులని నేననను. మగపిల్లలు చెరువులో ఈదడానికి పోతే ఆడపిల్లలం అరుగు దాటకూడదు. వామనగుంటలు, అష్టాచెమ్మా మాకు అంత బాగా వచ్చాయంటే, మరో చోటికి పోయే వీలు లేకపోవడం వల్ల కూడా. జూదం సంగతీ దాచక్కర్లేదు. కరువొచ్చి పనుల్లేని ఏడు కట్ట మీద బారాకట్ట డబ్బులాట అయ్యేది. చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ అక్కడ పోగొట్టుకుని ఇంటికొచ్చి పెళ్ళాల మీద అరిచిన మగవాళ్ళను చూశాను. జేజి మాత్రం డబ్బు పెట్టి ఆడితే గవ్వలు పొయ్యిలో వేస్తాననేది.

మా ఇంటి అరుగు బండ మీద అష్టాచెమ్మా గళ్ళు ఉలితో చెక్కి ఉండేవి. మా ముత్తాత చెక్కించాడని చెప్పేవారు. ఈ ఆటలో ఒక అందం ఉంది, గమనించారా? పావును కాయ అంటాం. అది బయటి గళ్ళు చుట్టి, లోపలి గళ్ళు చుట్టి, నడిమింట్లోకి చేరితే "పండింది" అంటాం. వైకుంఠపాళిలో పడిందే దారి. మనం చేసేదేమీ లేదు. పులిమేకలో అంతా మన తెలివే. అష్టాచెమ్మా ఈ రెంటికీ నడుమ. మా జేజి 1952 కరువులో గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడిన మనిషి. ఆమె అనేది: "గవ్వ ఎట్ల పడేదీ నీ చేతిలో లేదు మ్మే. ఏ కాయ జరపల్లనేది నీ చేతిలోనే ఉండాది."

వాన పడటం, పడకపోవడం మా చేతిలో లేని సీమలో ఇంతకు మించిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

1965లో వానల్లేవు. చేను విత్తనం కూడా తిరిగివ్వలేదు. 1966 వేసవికి మా నాయన బెంగుళూరుకు బేల్దారి పనికి వెళ్ళాడు. ఇంట్లో జేజి, అమ్మ, మేము ముగ్గురు పిల్లలం. అక్కకు పదిహేనేళ్ళు. ఎనిమిదో తరగతి పాసైంది. క్లాసులో మొదటి మార్కులు దానివే. నాకు పదకొండు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద అక్కా నేనూ ఆడుతున్నాం. అక్క కాయలు మూడు పండాయి. నాలుగోది, ఆ ఎర్ర గాజుముక్క, నడిమింటికి ఒక్క గడి దూరంలో ఉంది. ఒకటి పడితే ఆట అక్కదే. అంతలో బండి ఆగింది. పెళ్ళివారు. ముందుగా మాకెవరికీ చెప్పలేదు. అమ్మ లోపలినుంచి పిలిచింది. అక్క గవ్వలు నా చేతిలో పెట్టి, "ఎవురూ కదపొద్దండి, వస్తా" అని లేచి వెళ్ళింది.

పదిహేను రోజుల్లో పెళ్ళి అయిపోయింది. కట్నం అడగని సంబంధం. ఇంట్లో తినే నోరొకటి తగ్గుతుందని ఎవరూ పైకి అనలేదుగాని, అందరికీ తెలుసు. అక్క అత్తవారింటికి వెళ్ళిన రోజు జేజి ఆ గాజుముక్కను తీసి చీర చెంగున ముడి వేసుకుంది. "ఆట నిలిచిపోయిండాది, అయిపోలేదు" అంది. ఆమె పోయాక ఆ ముక్క నా డబ్బాలోకి వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. అక్క వెళ్ళిపోయింది కనుకనే నన్ను బడి మానిపించలేదు. నేను ఎస్సెల్సీ చదివి, అనంతపురంలో ట్రైనింగయి, టీచరునై, ఈ రోజు మీ ముందు నాలుగు ముక్కలు మాట్లాడగలుగుతున్నానంటే, ఆ ఇంట్లో ఒక కాయను ముందుకు నడపడానికి ఇంకో కాయను ఆపేశారన్నమాట. అరవై ఏళ్ళు నేను ఈ విషయం అక్కతో ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

బెంగుళూరు నుంచి తిరిగొచ్చిన వారానికి మా అక్క మోకాళ్ళ నొప్పులకు డాక్టరుకు చూపించుకోవడానికి మా ఇంటికొచ్చింది. రాత్రి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. మూత తీసి, గింజలన్నీ పక్కకు నెట్టి, ఎర్ర గాజుముక్కను రెండు వేళ్ళతో పట్టుకుంది. నేనేదో అనేలోపే, "నాకు ఒకటి పడల్ల" అంది.

మరిచిపోలేదు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, ముగ్గురు మనవరాళ్ళ అవ్వ, ఒక్క గడి దూరం మరిచిపోలేదు.

చాక్‌పీసుతో గళ్ళు గీశాను. కాయలు ఎక్కడివక్కడ పెట్టాం. ఆమె గవ్వలు వేసింది. మూడు. నేను వేశాను. ఆమె మళ్ళీ వేసింది. అష్ట. మళ్ళీ వేస్తే రెండు. ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలాసేపటికి ఒక గవ్వ వెల్లకిలా, మూడు బోర్లా పడ్డాయి. అక్క కాయను నడిమింట్లోకి జరిపింది. నేను గెలిచావని చప్పట్లు కొట్టబోయాను. ఆమె ఆ గళ్ళకేసి చూస్తూ, "ఇది పండిందిలే. నా ఎనిమిదో క్లాసు పుస్తకాలు ఎవురికిచ్చినారే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకాలు తర్వాత నేనే చదివాను. ఆ మాటే చెప్పాను. "అవునా, అయితే మేలే" అని కాసేపు నా చెయ్యి పట్టుకు కూర్చుంది. తర్వాత మెల్లగా, "నా కూతుళ్ళిద్దర్నీ మాత్రం నేను మధ్యలో లేపలేదు" అంది. నిజమే. మా బావతో పోట్లాడి, మెడలో గొలుసు కుదువ పెట్టి ఇద్దరినీ డిగ్రీ దాకా చదివించింది. గవ్వలు ఆమె చేతిలో లేవు. కాయ మాత్రం తానే జరుపుకుంది.

అందుకని, మా అల్లుడికి ఫోను చేసి నవ్వినందుకు తప్పయిందన్నాను. ఈసారి వచ్చినప్పుడు ఆ మాంత్రికుడి ఆట నాకూ నేర్పమన్నాను. నేను అతనికి పులిమేక నేర్పుతానన్నాను.

ఇక పెన్సిలు తీసుకోండి. నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు గీస్తే ఇరవై అయిదు గళ్ళు వస్తాయి. నాలుగు పక్కలా నడిమి గడిలో ఒక్కో ఇంటూ గుర్తు, సరిగ్గా మధ్య గడిలో మరొకటి వేయండి. పక్కనున్న నాలుగు ఇంటూలు ఆటగాళ్ళ ఇళ్ళు. అక్కడ ఉన్న కాయను ఎవరూ చంపకూడదు. మనిషికి నాలుగు కాయలు. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతగింజలను బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీయండి. తెలుపు పైకి ఎన్ని పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెలుపైతే చెమ్మ, అంటే నాలుగు. ఒక్కటీ పడకపోతే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెండూ పడితే మళ్ళీ వేయొచ్చు. బయటి వరస ఒక వైపుగా చుట్టి, లోపలి వరస దానికి ఎదురుగా చుట్టి, నడిమింటికి చేరాలి. ఎదుటివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపితేగాని లోపలి వరసకు వెళ్ళకూడదని మా జేజి కట్టడి.

కాయలు మాత్రం కొనకండి. పిల్లలనే వెతుక్కోమనండి. గుండీయో, గింజో, విరిగిన గాజో, ఏదైనా సరే, దానికి పేరు పెట్టమనండి. కొండపల్లి బొమ్మలు చిన్నవి ఉంటే అవీ పనికొస్తాయి. పేరు పెట్టిన కాయ పోతే ఏడుస్తారు, పండితే గెంతుతారు. ఆ ఏడుపూ ఆ గెంతూ సెల్‌ఫోనులో దొరకవు.

ఒక్క మనవి. ఆటలో ఉన్న ఆడపిల్లను మాత్రం నీళ్ళు తెమ్మనో, తమ్ముడికి అన్నం పెట్టమనో మధ్యలో లేపకండి. కాయ పండేదాకా ఆగండి.